లండను వాళ్ళు కలిపిన ఏనుగు

డ్రాయింగు మాస్టరుకు కోర్టు సమన్లు వస్తాయని ట్రైనింగులో నాకెవరూ చెప్పలేదు. కుండ, కూజా, అరటిపండు, చెక్కపెట్టె, వీటిని నీడలతో సహా వేయడం నేర్పించి పంపారు. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అంటారు. అవార్డు సంగతో, గొప్పవాడైన శిష్యుడి సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు అవార్డు రాలేదు. నా శిష్యుల్లో బొమ్మలు వేసి బతికినవాడు ఒక్కడూ లేడు. నాకున్నదల్లా ఒక ఏనుగు. అదీ నాది కాదు. దాని సంగతే చెబుతాను.

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే పడవల కాలువ గట్టున ఒక ఊరుంది. పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ళ మనవలు నన్ను ఇప్పటికీ పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారు, ఆ భోజనాలు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఆ ఊరి హైస్కూల్లో నన్ను వేశారు. ఉద్యోగం టెంపరరీ. పిల్లలకు డ్రాయింగు అవసరమా కాదా అన్నది పైవాళ్ళు ఇంకా తేల్చుకోలేదు. వాళ్ళు తేల్చేదాకా నేను కుండలు గీయిస్తూ ఉండాలి.

ఊళ్ళో బజారు వీధి ఒకటే. కాలువ రేవు దగ్గర మొదలై, మధ్యలో ఒక వంపు తిరిగి, మసీదు దాకా పోతుంది. ఒక పక్కన తాటాకు చూర్ల కింద వరసగా చిన్న కొట్లు. గాజులు, కొబ్బరితాళ్ళు, వక్కాకు, చివర కళాయి సాయిబు. ఇప్పటి పిల్లలకు కళాయి అంటే కూర వండే మూకుడే. ఆ రోజుల్లో ఇత్తడి గిన్నెలో పులుసు పాడుగాకుండా లోపల తగరం పూత పూసేవాళ్ళు, అదీ కళాయి. సాయిబు కొలిమి తిత్తి నొక్కి, గిన్నె కాలగానే నవాసారం చల్లి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపల తెల్లగా తళతళలాడేది. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. పొగకు కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి. దాంతో ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్ని కోపిష్టి అనుకునేవాళ్ళు. ఆయనంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు.

పంచాయితీ ప్రెసిడెంటు గారు మంచి మర్యాదస్తుడు. ఎవరినైనా "కూర్చోండి" అన్న తరవాతే తిట్టేవాడు. బస్సు అప్పట్లో ఊరి బయట కూడలి దగ్గరే ఆగేది. దాన్ని బజార్లోకి తెస్తానని ఎలక్షన్లో మాటిచ్చాడు. బస్సు రావాలంటే వీధి వెడల్పు కావాలి, వెడల్పు కావాలంటే ఆ వరస కొట్లు పోవాలి. బజారు చివర ఆయన వడ్లమిల్లు ఉన్న మాట నిజమే. బస్సు వచ్చే దారిన లారీ కూడా వస్తుందన్న మాటా నిజమే. అయితే ముసలివాళ్ళూ గర్భిణులూ కూడలి దాకా ఎండలో నడవలేకపోతున్న మాట కూడా నిజమే. కాబట్టి ఆయన్ని దుర్మార్గుడని మీరు అనుకోకండి. నేనూ అనుకోలేదు.

కొట్లు రోడ్డు పోరంబోకులో ఉన్నాయి, ఖాళీ చేయండని పంచాయితీ నోటీసు ఇచ్చింది. సాయిబూ, పక్క కొట్ల వాళ్ళూ కలిసి మునసబు కోర్టుకు పోయారు. మా తాతల నుంచీ ఇక్కడే ఉన్నామని వాళ్ళ వాదన. పాత గ్రామపటం తెప్పిస్తే, సరిగ్గా బజారు ఉన్న చోటే మడతపడి చిరిగిపోయి ఉంది. ఇక రెండు పక్షాలకీ నోటిమాట తప్ప మరేమీ మిగల్లేదు.

అప్పుడు నర్సమ్మగారు ముందుకొచ్చింది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన పెద్దామె. ఊళ్ళో సగం మందికి బొడ్డుకోసింది ఆవిడే, ఆ చనువుతో సగం ఊరిని 'ఏరా' అనే పిలిచేది. స్వరాజ్యం వచ్చాక ఆసుపత్రి డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ, బంగళా గోడకున్న ఒక రంగుల బొమ్మను ఈమెకు ఇచ్చింది. విక్టోరియా రాణి కాలంలో లండను పత్రికకు బొమ్మలు వేసే దొర ఒకడు కాలువ పడవలో వచ్చాడట. జ్వరం వచ్చి మిషన్ బంగళాలో పడుకున్నాడట. తేరుకున్నాక బజారుకు పోయి ఈ బొమ్మ వేసి, నకలొకటి లండనుకు పంపి, అసలుది ఆదరించినవాళ్ళకు ఇచ్చి పోయాడట. బొమ్మలో ఉన్నది సాక్షాత్తు మా బజారే. చేపల గంప నెత్తిన పెట్టుకున్న పడుచు, రెండెడ్ల బండి, గాజుల మలారం మోసుకుపోయే మనిషి, చూర్ల కింద కొట్ల వరస, చివరి కొట్టులో తిత్తి ముందు గొంతుక్కూర్చున్న ఒక గడ్డపాయన. వెనక మసీదు మీనారు, ఆ పక్కన పడవల తెరచాప కొయ్యలు.

"ఆ గడ్డపాయన మా తాత. అదే ముక్కు" అన్నాడు సాయిబు. బొమ్మలో ముక్కు ఆవగింజంత ఉంది.

కోర్టులో బొమ్మ పెట్టిన రోజు సాయిబు పక్షం వాళ్ళు గెలిచినంత పని చేశారు. కానీ పంచాయితీ ప్లీడరు తెలివైనవాడు. పటాన్ని అటూఇటూ చూసి వెనక్కి తిప్పాడు. వెనక ఒక అచ్చుకాగితం అంటించి ఉంది. దొర పంపిన నకలును లండనులో చెక్కమీద చెక్కి పత్రికలో వేశారు, ఆ పత్రిక ముక్క తరవాతెప్పుడో టపాలో బంగళాకు వస్తే అప్పటివాళ్ళు పటం వెనక అతికించారు. అదే వీధి, అవే కొట్లు. కానీ వీధి మధ్యన బండి పక్కనే ఒక ఏనుగు నడిచిపోతా ఉంది.

"చూడండి యువరానర్" అన్నాడట ప్లీడరు. "బండీ ఏనుగూ పక్కపక్కన పోతున్నాయి. అంటే ఆనాడు ఈ వీధి ఎంత వెడల్పుండాలి? ఈ కొట్లన్నీ తరవాత ముందుకు జరిగి రోడ్డును తినేసినవే!"

అలా ఒకే పటానికి ముందువైపు సాయిబు సాక్షి, వెనకవైపు పంచాయితీ సాక్షి. మునసబు గారు రెండువైపులా చూసి చూసి, పటాన్ని నర్సమ్మగారికే అప్పగించి, బొమ్మల సంగతి తెలిసినవాణ్ణి ఎవరినైనా పిలవమన్నాడు. ఆ చుట్టుపక్కల గవర్నమెంటు జీతం తీసుకుంటూ బొమ్మలు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

సమన్లు చూసి మా హెడ్‌మాస్టరు గారికి చెమట పట్టింది.

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత" అన్నాడు.

"మరి సాక్షి ఎక్కడ ఏడవాలి సార్?"

"స్కూల్లో మాత్రం వద్దు" అన్నాడాయన. "నువ్వు టెంపరరీ. ప్రెసిడెంటు గారు మన స్కూలు కమిటీలో ఉన్నాడు. ఈ రెండూ కలిపి చూసుకో. ఇంకేం చెప్పను."

ఆ మర్నాడే ప్రెసిడెంటు గారు కబురు పంపాడు. కూర్చోండి అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు.

"మేస్టరుగారూ, మిమ్మల్ని అబద్ధం చెప్పమని నేను అడగను. అచ్చులో ఏనుగు ఉండాదా లేదా?"

"ఉందండీ."

"అంతే. ఉండాదని చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పేదానికి భయమెందుకు?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను. ఇంట్లో నాకు బాలింత భార్య, నెలల పిల్ల. సాయంత్రం ఇంటికి పోతుంటే సాయిబు కొట్టు ముందు నుంచే పోవాలి. దారి మార్చుదామంటే ఊళ్ళో ఉన్నది అదొక్కటే దారి. సాయిబు తిత్తి ఆపి లేచి నిలబడ్డాడు.

"అయివారూ, ప్రెసిడెంటు గారు పిలిపించినాడంట గదా. నేను మిమ్మల్ని ఏమీ అడగను. కొట్టు ఉండాదని చెప్పమనీ అనను. మీ కంటికి ఏం కనిపించిందో అది చెప్పండి. చాలు."

ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. నా చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆదివారాలు నర్సమ్మగారింటికి పోయి ఆ బొమ్మ ముందు కూర్చునేవాణ్ణి. నీళ్ళరంగుల్లో అంత నేర్పు నేను అంతకుముందు చూడలేదు. చేపల గంపలో చేపలు లేవు, నాలుగు బూడిదరంగు మరకలున్నాయి. కానీ దూరంగా జరిగి చూస్తే నీచు వాసన వచ్చేది. నేను చదువుకునే రోజుల నుంచీ కుండల నీడలు దిద్దుతున్న మనిషిని. సాక్ష్యం సంగతి మరిచిపోయి, ఈ దొర రంగు ఎప్పుడు తడిగా ఉండగా వదిలేశాడు, ఎప్పుడు ఆరాక మళ్ళీ ముట్టుకున్నాడు అని చూస్తూ కూర్చున్నాను. కాఫీ పట్టుకొచ్చి నర్సమ్మగారు, "కేసు చూడమంటే బొమ్మ చూస్తా ఉండావే!" అని కేకలేసింది.

తరవాత బజారుకు పోయి, ఆ దొర ఎక్కడ నిలబడి వేశాడో వెతకసాగాను. మసీదు మీనారు ఆ తీరుగా కనబడాలంటే వీధి వంపు దాటి మసీదు వైపు నిలబడాలి. అక్కడి నుంచి పడవల కొయ్యలు కనబడవు. కొయ్యలు కనబడాలంటే రేవు దగ్గరికి పోవాలి. అక్కడికి పోతే మీనారు మాయం. ముందుకు నడిచాను, వెనక్కి నడిచాను, అరుగులెక్కాను. ప్రెసిడెంటు గారి మనిషి ఒకడు బీడీ కాలుస్తూ నన్నే చూస్తున్నాడు. కొట్లవాళ్ళూ చూస్తున్నారు. చివరికి అర్థమైంది. ఏ ఒక్కచోట నిలబడినా అది కుదరదు. దొర రెండు చోట్ల నిలబడి చూసినవి ఒకే కాగితం మీద కలిపాడు.

అర్థమైన మరుక్షణమే అర్థంకాకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఏనుగు లేదంటే పంచాయితీకి కోపం. వీధిని కలిపి కుట్టాడంటే సాయిబుకు నష్టం. కళ్ళకు కనిపించింది చెబితే రెండు పక్షాలకూ శత్రువునవుతాను. అటువంటి అదృష్టం అందరికీ పట్టదు.

కేసు రోజు వచ్చింది. టౌనుకు పోయి సాక్షి బోనులో నిలబడ్డాను. మొదట సాయిబు ప్లీడరు లేచాడు.

"ఈ బొమ్మలో ఉన్నది ఈ ఊరి బజారేనా?"

"అవునండీ."

"కొట్లు ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

ఆయన కూర్చోబోయాడు. నేను ఊరుకుని ఉండొచ్చు. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పమని అందరూ చెప్పే పంపారు. కానీ తరగతిలో అలవాటైపోయిన నోరు. "కాకపోతే ఇది ఒక్కచోట నిలబడి వేసింది కాదండీ. రెండు చోట్ల నుంచి చూసి కలిపాడు" అన్నాను.

పంచాయితీ ప్లీడరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"కలిపాడా? అంటే ఈ బొమ్మ అబద్ధమన్న మాట!"

"అబద్ధం కాదండీ. బొమ్మ."

కోర్టులో నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

"బొమ్మంటే నిజమా, అబద్ధమా? ఒక్క మాటలో చెప్పు."

"ఒక్క మాటలో కుదరదండీ."

"సరే, దాన్ని వదిలేద్దాం. వెనకనున్న అచ్చులో ఏనుగు ఉందా?"

"ఉందండీ."

ప్రెసిడెంటు గారు తల పంకించాడు.

"అంటే ఈ వీధిలో ఏనుగు నడిచింది."

"లేదండీ. ఆ ఏనుగును లండనులో కలిపారు. రంగుల బొమ్మలో అది లేదు."

"నీకెట్టా తెలుసు? నువ్వు లండను పోయినావా?"

"ఆ ఏనుగు చెవులు చూడండి. మన ఏనుగుకు చెవులు చేటలంత ఉంటాయి. దీనికి తలుపురెక్కలంత ఉన్నాయి. అది ఆఫ్రికా ఏనుగు. మన ఏనుగును చూడనివాడెవడో చెక్కాడు."

"ఎందుకు కలుపుతారయ్యా లేని ఏనుగును?"

"ఏనుగు లేకపోతే ఇది ఇండియా అని అక్కడివాళ్ళు నమ్మరేమోనండీ."

మునసబు గారే ముందు నవ్వాడు. దాంతో అందరికీ నవ్వే హక్కు వచ్చింది. నవ్వనివాళ్ళు నలుగురే. ఇద్దరు ప్లీడర్లు, ప్రెసిడెంటు గారు, సాయిబు.

తిరుగు ప్రయాణానికి మా వైపు బస్సు ఒక్కటే. ముందు సీట్లో ప్రెసిడెంటు గారు, వెనక సాయిబు, పటాన్ని దుప్పట్లో చుట్టి పొట్టకు ఆనించుకుని నర్సమ్మగారు, కమ్మీ పట్టుకుని నిలబడి నేను. వాదీ ప్రతివాదీ సాక్షీ సాక్ష్యమూ అన్నీ ఒకే బస్సులో. ప్రెసిడెంటు గారే లేచి, "అమ్మా, ఇట్టా కూర్చో. అద్దం పగిలేను" అని తన సీటు ఆమెకిచ్చి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆ కుదుపులకు ఇద్దరం ఒకరి మీద ఒకరం పడుతూ వచ్చాం. పడిన ప్రతిసారీ ఆయన "క్షమించండి మేస్టరుగారూ" అన్నాడు. ఆ మర్యాదకు నాకు భయం ఇంకా పెరిగింది.

సగం దారిలో నర్సమ్మగారు వెనక్కి తిరిగింది.

"అయివారూ, ఆ దొర రెండు చోట్ల నిలబడినాడని నీకెట్టా తెలిసింది?"

"నేను నడిచి చూశానమ్మా. అరుగరుగూ ఎక్కి చూశాను."

"అంటే ఆయన కూడా కాళ్ళు నొప్పి పుట్టేదాకా మన బజార్లో తిరిగినాడనే గదా. జ్వరంపడి లేచిన మనిషి, అంత తిరిగి చూసి వేసినాడు. ఆ మాట చెప్పకుండా, కలిపినాడు కలిపినాడు అంటావేందయ్యా?"

బస్సంతా విన్నారు. సాయిబు కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోనీలేమ్మా. ఆయన చూసింది చెప్పినాడు" అన్నాడు. నాకు బస్సు దిగి నడిచి పోదామనిపించింది. నిజంగా చెప్పాల్సిన వాక్యం ఎప్పుడూ కోర్టులో దొరకదు. తిరిగొచ్చే బస్సులో దొరుకుతుంది.

తీర్పు చాలా నెలలకు వచ్చింది. ప్లీడరు గుమస్తా సాయిబు కొట్టుకొచ్చి, "మీరే గెలిచినారు, కొట్లు కదిలించకూడదు" అని చెప్పి పోయాడు. తరవాత తీర్పు నకలు కూడా వచ్చింది. సాయిబు దాన్ని కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టాడు. నర్సమ్మగారు ఆ ఆదివారం చర్చిలో స్తుతి చెల్లించింది. బొమ్మను మళ్ళీ గోడకు తగిలించి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, "ఈ బొమ్మే గదా మన బజారును నిలబెట్టింది" అని చూపించేది. పురుళ్ళు పోసిన దానికంటే దానికే ఎక్కువ గర్వపడేది.

నా ఉద్యోగం పోతుందని నేనూ, హెడ్‌మాస్టరూ ఎదురుచూశాం. పోలేదు. బస్సును కాలువ గట్టు మీదుగా తెప్పించాడు ప్రెసిడెంటు గారు. అక్కడ ఏ కొట్టూ అడ్డం లేదు. మిల్లుకూ అదే దగ్గరని తేలింది. ఒకరోజు నన్ను పిలిచి, కూర్చోండని, పంచాయితీ ఆఫీసు గోడ మీద మన ఊరి పాత వైభవం రంగుల్లో వేయమన్నాడు.

"ఏనుగును మాత్రం వదలబాకండి" అన్నాడు.

వేశాను. చెవులు మాత్రం చేటలంతే పెట్టాను.

ఇంతటితో కథ అయిపోయిందనుకున్నాను. కానీ కోర్టు కాపాడిన కొట్టును ఎవర్‌సిల్వర్ ముంచింది. నెల్లూరు నుంచి తళతళలాడే స్టీలు పళ్ళాలు, గ్లాసులు దిగాయి. పూత అక్కర్లేదు, పులుసు పాడుగాదు. ఆడవాళ్ళు ఇత్తడి గిన్నెలు మోసుకుపోయి మార్చుకొచ్చారు. మా ఇంట్లోనూ మార్చారు. ఏ కోర్టు ఆపగలదు? సాయిబు తిత్తి చల్లారిపోయింది. కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాడు. తరవాత చిన్న ఉలీ సుత్తీ తీసుకుని ఆ ఎవర్‌సిల్వర్ మీదే పేర్లు చెక్కడం మొదలుపెట్టాడు. అయితే ఆయనకు చదువు రాదు. గ్లాసు తెచ్చి నాకిస్తే నేను ఇంకుతో పేరు రాసేవాణ్ణి, గీత వెంట ఆయన చుక్కలు కొట్టుకుంటూ పోయేవాడు.

ఒకసారి పంచాయితీ ఆఫీసు గ్లాసులొచ్చాయి. నా కలం కక్కి, 'ప' కింద చిన్న మరక పడింది. సాయిబు దాన్ని కూడా శ్రద్ధగా చెక్కాడు. 'ఫంచాయితీ ఆఫీసు' అయింది. ఊరు ఊరంతా నవ్వింది.

"మీరు పెట్టిందే గదా, నేనెందుకు వదిలిపెడతా?" అన్నాడు. తరవాత కాస్త ఆలోచించి, "అయివారూ, నాకు అక్షరాలు నేర్పండి. ఏది అక్షరమో ఏది మరకో నాకు తెలియాల" అన్నాడు.

నా సర్వీసులో నేను నిజంగా ఏదైనా నేర్పానంటే అదే. బడి వదిలాక కొట్లో కూర్చుని పలక మీద దిద్దించేవాణ్ణి. ఉలి పట్టిన చెయ్యి కావడంతో అక్షరం గుండ్రంగా కుదురుగా వచ్చేది. ఏడాది తిరక్కుండా గ్లాసుల మీద పేర్లు, బస్సు బోర్డులు, గోడల మీద ఎలక్షను రాతలు అన్నీ పైకి చదవసాగాడు.

ఒక సాయంత్రం నేను పోయేసరికి పెట్టె తెరిచి, తీర్పు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మొహం చిన్నబోయి ఉంది.

"అయివారూ, ఇదేందిది? ఇన్నాళ్ళు దీన్ని చదవాలనే గదా నేను నేర్చుకున్నది. మీరు నేర్పిన దాంట్లో ఒక్క అక్షరమన్నా దీంట్లో లేదే?"

కోర్టు తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయని ఆయనకెవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు. కాగితాలు తీసుకుని, నాకొచ్చిన ఇంగ్లీషుతో చదువుతూ తెలుగులో చెప్పసాగాను. సగంలో ఆగిపోయాను. ఆ తీర్పు నేనూ అదే మొదటిసారి చూడటం.

"చెప్పండి" అన్నాడు.

మునసబు గారు బొమ్మనూ, అచ్చునూ రెంటినీ పక్కన పెట్టేశాడు. రెండూ కల్పనలేనన్నాడు. కొట్లకు ఆ బొమ్మ రుజువు కాదన్నాడు. జాగా రోడ్డుదని చూపించాల్సింది పంచాయితీ, చూపించడానికి దాని దగ్గర ఏనుగు తప్ప మరేమీ లేదు, కాబట్టి కొట్లను కదిలించకూడదన్నాడు. నా గురించి కూడా ఒక వాక్యం రాశాడు. సాక్షి నిజాయితీపరుడే గానీ ఆయన చెప్పిన దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదట. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ నా గురించి అంత సరిగ్గా రాయలేదు.

సాయిబు ఉలి తీసుకుని పంచెతో తుడిచాడు, మళ్ళీ పక్కన పెట్టాడు.

"అంటే బొమ్మ వల్ల గెలవలేదా?"

"లేదు సాయిబుగారూ."

"మా తాత ఆడ కూర్చోనుండేది కూడా కోర్టు ఒప్పుకోలేదా?"

"ఆ సంగతే ఎత్తలేదు."

ఆయన కాగితాలు మడిచి, పెట్టెలో బట్టల అడుగున పెట్టి మూత వేశాడు. ఆ తరవాత అటూఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"నర్సమ్మకు మాత్రం చెప్పబాకండి."